కాసేపు కదలకుండా – 3: కళ్ళు తిరిగినవాళ్ళ కోసం

టెన్షన్ తగ్గడానికి కాసేపు కదలకుండా కూర్చోమన్న పోయిన పాఠం చదివి, అలా కూర్చుని చూసినవాళ్ళలో చాలామందిది ఒకటే ఫిర్యాదు. రెండు నిమిషాలు కాకముందే కళ్ళు తిరిగాయట, వేళ్ళు తిమ్మిరెక్కాయట, ఒకరికైతే గుండె దడ పుట్టి భయమేసి లేచిపోయారట. ఈసారి చూపు ఎక్కడ నిలపాలో చెబుదామనుకున్నాను. అది తర్వాత చూద్దాం, ముందు ఈ సంగతి తేలాలి.

నేను చెప్పింది కదలకుండా కూర్చోమని, ఊపిరి బయటికి పోయేటప్పుడు తొందరపెట్టొద్దని. మీలో చాలామంది చేసిందేమో ఛాతీ పొంగేలా పీల్చడం, వదలడం, మళ్ళీ అంతకంతా పీల్చడం. తప్పు మీది కాదులెండి, టెన్షన్‌లో ఉన్న మనిషి కనిపిస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళంతా "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని మొదలుపెడతారు. ఆ సలహా వింటేనే నాకు చిరాకు.

ఎక్కువ గాలి పీలిస్తే ఎక్కువ ఆక్సిజన్ అందుతుందని దాని వెనక లెక్క. కానీ ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఆక్సిజన్ ఊరికే కూర్చున్నప్పుడే 95 నుంచి 100 శాతం ఉంటుంది, కొత్తగా నింపడానికి పెద్దగా చోటు లేదు. జరిగేది వేరు. ఒంట్లో ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది. అది తగ్గేసరికి మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళాలు కుంచించుకుంటాయి, తల తేలిపోతుంది, వేళ్ళ చివర్లూ పెదాల చుట్టూ జుమ్ముమంటుంది. అది చూసి మనసు ఏదో అయిపోతోందని బెదిరి ఇంకా గట్టిగా పీలుస్తుంది, దాంతో ఇంకా తిరుగుతుంది. టెన్షన్ తగ్గించుకుందామని కూర్చుని, చేతులారా తెచ్చుకోవడం అంటే ఇదే.

"నేను నెమ్మదిగానే పీల్చానండీ" అన్నవాళ్ళూ ఉన్నారు. నిమిషానికి ఎన్నిసార్లు అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, ఒక్కోసారి ఎంత గాలి అన్నదీ చూడాలి. ఊరికే కూర్చున్న పెద్దవాళ్ళు ఒక్కో ఊపిరికి అర లీటరు లోపలికి తీసుకుంటారు, నిమిషానికి 12 సార్లు అనుకుంటే 6 లీటర్లు. మీరు నెమ్మదిగా 10 సార్లే పీల్చినా, ప్రతిసారీ 2 లీటర్లు లాగితే 20 లీటర్లయింది. కుర్చీలో కూర్చున్న ఒంటికి అంత గాలితో పనేముంది?

కాబట్టి పీల్చడం ఒంటికే వదిలేయండి. ముక్కుతో, చప్పుడు లేకుండా, పక్కవాళ్ళకి తెలియనంత చిన్నగా. వదిలేటప్పుడు మాత్రం కాస్త సాగనివ్వండి. పీల్చేటప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది, ఆ తగ్గించే పని మెదడు నుంచి గుండె దాకా వెళ్ళే వేగస్ అనే నరానిది. కొందరికి మణికట్టు మీద వేళ్ళు పెట్టుకుంటే ఆ తేడా తెలుస్తుంది కూడా.

ఇక ఆలోచనలు ఆగడం లేదన్న ఫిర్యాదు. ఆగవు. ఆపమని నేను చెప్పలేదు. ఊరికే కూర్చోవడమే కష్టంగా ఉందంటారా, అందులో మీరు ఒంటరి కాదు. 2014లో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు మనుషుల్ని ఒక్కొక్కరినీ 15 నిమిషాలు ఖాళీ గదిలో కూర్చోబెట్టి, పక్కన చిన్న కరెంట్ షాక్ ఇచ్చే మీట పెట్టారు. డబ్బిచ్చైనా ఆ షాక్ తప్పించుకుంటామని అంతకుముందే చెప్పినవాళ్ళు వీళ్ళు. అయినా 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో 6 మంది ఉండబట్టలేక మీట నొక్కుకున్నారు. మీరు రెండు నిమిషాలకే లేచిపోతే నేనేమీ అనుకోను.

ఎలా కూర్చోవాలో చెప్పేదేముంది, కుర్చీ ఉంటే చాలు. నేను కళ్ళు తెరిచే ఉంచుకుంటాను. టైమర్లు, గంట మోగించే యాప్‌లు నాకు పడవు, అది ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూడటం ఇంకో పనవుతుంది. రోజూ ఎలాగూ వచ్చే సందులే వాడుకోండి: కంప్యూటర్ తెరుచుకునే లోపు, లిఫ్ట్ వచ్చే లోపు, బండి ఆపి దిగేముందు, మీటింగ్‌కి అందరూ చేరే లోపు, ఫోన్ మోగితే రెండో రింగు దాకా, ప్రింటర్ కాగితం బయటికి తోసే లోపు. ఇలాంటివి ఏ మూడు దొరికినా ఆ రోజుకి చాలు.

ఈ వారం అభ్యాసం కాస్త కష్టమే. ఒళ్ళు మండించే మెసేజ్ ఒకటి వచ్చేదాకా ఆగండి, వస్తుంది. జవాబు మొత్తం టైప్ చేయండి, పంపొద్దు. ఫోన్ బోర్లా పెట్టి, పది ఊపిర్లు వదలండి, ఊపిరి వదిలినప్పుడే లెక్కపెట్టండి. మధ్యలో లెక్క తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. పదీ అయ్యాక పంపాలా, మార్చాలా, చెరిపేయాలా అన్నది మీ ఇష్టం. అంత కోపంలోనూ పీల్చే గాలి చిన్నగానే ఉందా లేదా, అదొక్కటే గమనించి పెట్టుకోండి, వచ్చే పాఠం అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఉబ్బసం, గుండె జబ్బు, పానిక్ ఎటాక్‌లు ఉన్నవాళ్ళు ముందు డాక్టర్‌ని అడిగి చేయండి. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం పాఠం పక్కన పడేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.