మాంటిల్ సరే, ముందు ఫ్రాంక్ రాబిన్సన్‌ని కొనండి

పాత బేస్‌బాల్ కార్డులనగానే అందరూ అమెరికా బేస్‌బాల్ స్టార్ మిక్కీ మాంటిల్ వెంటే పడతారు. నేనైతే అదే ఆటలో మరో మేటి ఫ్రాంక్ రాబిన్సన్‌తో మొదలుపెట్టమంటాను. 1961లో రెడ్స్ తరఫున, 1966లో ఓరియోల్స్ తరఫున ఆడి అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని రెండు లీగుల్లోనూ ఎంవీపీ (ఆ ఏటి అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. కెరీర్ మొత్తంలో హోమ్ రన్లు 586. అయినా మాంటిల్ ధరకి ఆమడ దూరంలో ఉంటాడు, మనకదే లాభం!

వెతకాల్సింది టాప్స్ కంపెనీ 1957లో వేసిన సెట్‌లో 35వ నంబరు, అతని రూకీ (తొలి) కార్డు. మూలలు కాస్త అరిగినా పర్లేదు, నాలుగు వైపులా తెల్ల అంచు సమానంగా ఉండాలి. దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే సన్నటి ముడతలు బయటపడతాయి. అదే సెట్‌లోని చవక కార్డు ఒకటి తెచ్చి దీనికి ఆనించి చూడండి. పొట్టిగా ఉంటే అంచులు కత్తిరించారేమోనని అనుమానించాలి. 1956 కార్డుతో కొలవకండి, దాని సైజే పెద్దది.