గొంతు మోగాలా, మోగకూడదా? ఇంగ్లిష్ హల్లుల దగ్గర చిక్కులు, వాటికి విరుగుళ్లు

విజయవాడలోనో గుంటూరులోనో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో చేరితే వాయిస్డ్ (గొంతు మోగేవి), వాయిస్‌లెస్ (మోగనివి) అనే మాటలు వినగానే కొందరికి టెన్షన్ మొదలవుతుంది. నిజానికి ఇది మనకు బళ్లో చెప్పిన పాఠమే. క చ ట త ప పరుషాలు, గ జ డ ద బ సరళాలు. మొదటివి పలికేటప్పుడు గొంతులోని స్వరతంత్రులు ఊరుకుంటాయి, రెండోవాటికి కంపిస్తాయి. కూర, కాయ కలిపి కూరగాయ అంటున్నామంటే ఆ మీట మన గొంతులో ఉన్నట్టే. ఇంగ్లిష్‌లోని 24 హల్లు శబ్దాల్లో 15 మోగేవి, 9 మోగనివి. చిక్కల్లా మనకు లేని కొన్ని శబ్దాలతోనూ, ముఖ్యంగా మాట చివరా.

గొంతు మీద వేలు పెడితే క అన్నా గ అన్నా వణుకుతోంది

వణుకుతున్నది క కాదు, దాని వెనకున్న అ. అచ్చులన్నీ మోగుతాయి కాబట్టి ఈ పరీక్షకు క, గ పనికిరావు. అచ్చు కలపకుండా పొడుగ్గా స్స్స్ అనండి, వణుకు ఉండదు. నాలుక కదపకుండా అక్కడే గొంతు కలపండి, జుమ్మంటుంది. అదే జెడ్. రెండు చెవులూ మూసుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. గుసగుసగా మాత్రం సాధన చేయకండి, గుసగుసలో స్వరతంత్రులు అసలు కంపించవు.

జెడ్ అనబోతే జ వస్తోంది

జ పలికేటప్పుడు నాలుక ఒకసారి పైన తగిలి విడిపోతుంది. జెడ్‌కు తగలకూడదు, సన్నని సందు వదలాలి. మన వైపు జడ, జల్లెడ అనేటప్పుడు నాలుక పళ్ల దగ్గరికి వస్తుంది చూడండి, అది జెడ్‌కు చాలా దగ్గరి చోటు. ఆ తాకిడి ఒక్కటి తీసేస్తే చాలు. విజయవాడ బెంజ్ సర్కిల్‌లోని బెంజ్ ఇంగ్లిష్‌లో ఈ శబ్దంతోనే ముగుస్తుంది. ఆటో ఎక్కేటప్పుడు మాత్రం బెంజి సర్కిల్ అనే అడగండి, అక్కడ సాధన అక్కర్లేదు.

బ్యాగ్ అంటే బ్యాక్ అని వినబడుతోంది, లేదా బ్యాగు అయిపోతోంది

అన్నిటికన్నా ముందు సరిచేసుకోవాల్సింది ఇదే. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. అందుకే బస్సు, కారు, బ్యాగు. ఆ ఉ తీసేయమంటే చాలామంది దాంతోపాటు గొంతు కూడా ఆపేస్తారు, గ్ కాస్తా క్ అవుతుంది. అప్పుడు మాస్టారు "చివర గట్టిగా పలకండి" అంటారు. గట్టిగా పలికితే మళ్లీ బ్యాగు.

ఇంగ్లిష్ సొంతభాషగా ఉన్నవాళ్లు కూడా మాట చివరి గ్, డ్, బ్‌లను పూర్తిగా మోగించరు, చాలాసార్లు మోత సగంలోనే ఆగిపోతుంది. వాళ్ల చెవి ఎక్కువగా పట్టుకునేది ముందున్న అచ్చు నిడివిని. మోగే హల్లు ముందు అచ్చు సాగుతుంది, మోగని హల్లు ముందు టక్కున తెగుతుంది. కాబట్టి చివరి హల్లును వదిలేసి అచ్చు మీద పని చేయండి. బ్యాగ్‌లో సాగదీయండి, బ్యాక్‌లో తుంచండి. క్యాబ్-క్యాప్, బెడ్-బెట్, బహుమతి అనే ప్రైజ్, ధర అనే ప్రైస్ ఇలాగే. ఫోన్‌లో రికార్డు చేసి, మర్నాడు వినండి. ఏది ఏ మాటో చూడకుండా పోల్చుకోగలిగితే దారిలో పడ్డట్టే.

డాగ్స్, వర్కెడ్ అని రాసినట్టే చదువుతున్నాను

ఇంగ్లిష్‌లో అక్షరం ఒకటి, పలుకు ఇంకొకటి. బహువచనపు ఎస్ తన ముందున్న శబ్దాన్ని అనుసరిస్తుంది. క్యాట్స్‌లో ముందున్న ట్ మోగదు, ఎస్ ఎస్‌గానే ఉంటుంది. డాగ్స్‌లో గ్ మోగుతుంది, ఎస్ జెడ్ అవుతుంది. అచ్చు తర్వాతా జెడ్డే. బస్, మ్యాచ్ లాంటి వాటి చివర ఇజ్ చేరుతుంది. భూతకాలపు ఈడీ కూడా అంతే: వర్క్ తర్వాత ట్, లవ్ తర్వాత డ్, వాంట్, నీడ్ లాంటి వాటి తర్వాత మాత్రమే ఇడ్. వర్కెడ్, లుక్కెడ్ అనడం ఇంటర్వ్యూల్లో తరచూ వినిపించే పొరపాటు.

పిన్ అంటే బిన్ అనుకుంటున్నారు

తప్పు గొంతుది కాదు, ఊపిరిది. మన ప ట క లలో ఊపిరి విసురు ఉండదు. ఇంగ్లిష్‌లో మాట మొదట అవి వస్తే విసురు ఉండాలి, లేకపోతే వాళ్లకు బ డ గ లాగా తోస్తుంది. పెదాల ముందు సన్నని కాగితం పట్టుకుని పిన్ అనండి, కాగితం ఎగరాలి. ఫిన్ అయిపోకుండా పెదాలు రెండూ కలిపి విడవండి. స్పిన్, స్టాప్, స్కూల్ వంటి మాటల్లో ఎస్ తర్వాత మాత్రం విసురు వద్దు, మన ప, ట, క చాలు.

చిన్నాచితకా

"యొక్క" అనే అర్థమిచ్చే ఆఫ్ చివర ఎఫ్ రాసినా పలికేది వీ శబ్దం, కింది పెదవికి పైపళ్లు ఆనించి గొంతు మోగించాలి. థింక్, దిస్ రెండింటికీ నాలుక కొస పళ్ల మధ్యకు రావాలి, మొదటిది మోగదు, రెండోది మోగుతుంది. ప్రకాశం బ్యారేజ్ అనే మాట చివర ఇంగ్లిష్‌లో ఉన్నది జ కాదు. పొడుగ్గా ష్ష్ష్ అంటూ, మధ్యలో గొంతు కలిపితే ఆ శబ్దం వస్తుంది. మెజర్, విజన్ మధ్యలో పలకాల్సిందీ అదే.