శ్రావణ పౌర్ణమి రాకముందే: ఫోన్ చూపించండి, చేతికివ్వకండి

ముందు మా మేనత్త సంగతి చెప్పాలి. ఇది రాయడానికి కారణం ఆవిడే.

కిందటి నెల ఒడిశాలోని రాయగడలో ఒక బ్యాంకు వరండాలో నిలబడి ఉండగా ఆవిడ ఫోన్‌కి మెసేజి వచ్చింది, ఒరియా అక్షరాల్లో. అత్తకి తెలుగు చదవడం వచ్చు. ఒరియా గడగడా మాట్లాడుతుంది కానీ చదవలేదు. బరంపురం నుంచి జయపురం దాకా మన తెలుగువాళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఇంతే. పక్కన ఒక కుర్రాడున్నాడు. మెడలో ఏదో కార్డు, నోట్లో చక్కటి తెలుగు. "ఏటి బాబూ ఇది, కాస్త సూడు" అని ఫోన్ వాడి చేతిలో పెట్టింది. "సుభద్ర డబ్బులకి కేవైసీ అడుగుతున్నారు పిన్నీ, నేను చేసేస్తాను, ఏటీఎం కార్డు తెచ్చావా?" అన్నాడు. సుభద్ర అంటే ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకి డబ్బిచ్చే పథకం. రెండు మూడు నిమిషాల్లో ఫోన్, కార్డు రెండూ తిరిగిచ్చాడు. టీ డబ్బులిస్తానంటే కూడా వద్దన్నాడట.

తొమ్మిది రోజుల తర్వాత ఇంటి పన్ను కట్టడానికి డబ్బు తీద్దామని వెళ్తే ఖాతాలో 38,400 రూపాయలు లేవు. మామయ్య పోయాక మిల్లు నుంచి వచ్చిన దాంట్లో మిగిలిందంతా అదే.

ఫోన్ తెరిచి చూశాను. సుభద్ర బొమ్మతో ఒక యాప్ ఉంది. దానికి మెసేజిలు చదివే అనుమతి, పంపే అనుమతి రెండూ ఇచ్చి ఉన్నాయి. బ్యాంకు పంపిన ప్రతి మెసేజీ ఆవిడ చూడకముందే వాడికి చేరిపోయింది. "ఎవరికైనా ఓటీపీ చెప్పావా అత్తా?" అని నాలుగుసార్లు అడిగాను. చెప్పలేదు. ఓటీపీ చెప్పకూడదని ఆవిడకి తెలుసు. చెప్పాల్సిన అవసరం లేకుండానే పని జరిగిపోయింది.

అందుకే ఓటీపీ చెప్పొద్దు, లాటరీ తగిలిందంటే నమ్మొద్దు అని ఇక్కడ రాయను. అది ఫోన్ చేసినప్పుడల్లా టేపు వేసి వినిపించారు. పన్నెండేళ్లుగా జెరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు నడుపుతూ, మనుషుల్ని నిలువునా ముంచడం నేను కళ్లారా చూసిన తప్పు ఒక్కటే: మెసేజి చదివించుకోవడానికి ఫోన్ ఇంకొకరి చేతికివ్వడం.

డబ్బు పడే రోజుల ముందు

సుభద్ర పథకంలో 21 నుంచి 60 ఏళ్ల ఆడవాళ్లకి ఏడాదికి 10,000 రూపాయలు, రెండు విడతలుగా. రాఖీ పూర్ణిమకి 5,000, మార్చి 8న మహిళా దినోత్సవానికి 5,000 అని 2024 సెప్టెంబరులో పథకం మొదలుపెట్టినప్పుడే చెప్పారు. అంటే ఏ వారంలో ఏ ఆడమనిషి ఫోన్ వంక ఆశగా చూస్తుందో మోసగాడికి ముందే తెలుసు. వాడు తేదీ చూసుకునే వస్తాడు. పీఎం కిసాన్ విడత ముందు మగవాళ్ల విషయంలోనూ ఇదే వరస.

మెసేజి ఎవరు పంపారో తెలుసుకోవడానికి ఒరియా రానక్కర్లేదు. పంపినవాళ్ల పేరు చివర గీత పెట్టి ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. జి ఉంటే ప్రభుత్వం, టి అయితే లావాదేవీ, ఎస్ అయితే సర్వీసు, పి అయితే ప్రచారం. పేరు లేకుండా పది అంకెల మామూలు నంబరు నుంచి "మీ డబ్బు ఆగిపోయింది" అని వస్తే అది ప్రభుత్వమూ కాదు, బ్యాంకూ కాదు.

ఇక చదవడం. మెసేజి మీద వేలు ఒత్తి పట్టుకుంటే కాపీ అని వస్తుంది. దాన్ని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేస్తే తెలుగులో కనిపిస్తుంది, నొక్కితే చదివి వినిపిస్తుంది కూడా. మీ ఇంట్లో పదో తరగతి పిల్లకి ఒక సాయంత్రం అప్పజెప్పండి, అమ్మమ్మకి నేర్పుతుంది. అదీ కుదరకపోతే మనిషితోనే చదివించుకోండి. కానీ ఫోన్ మీ గుప్పిట్లో ఉండాలి, తెర మాత్రమే అవతలివాళ్ల వైపు తిరగాలి. వాళ్లు కళ్లతో చదువుతారు, దానికి చేతులెందుకు?

"మన తెలుగువాడే కదా" అన్న మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. ఒరియా, హిందీ, ఇంగ్లీషు నడుమ పొద్దంతా తడుముకునే మనిషికి ఎవరో తెలుగులో పలకరిస్తే ప్రాణం లేచొస్తుంది. నాకూ అంతే. ఆ లేచొచ్చిన ప్రాణం మీదే వాడి పెట్టుబడి. బ్యాంకు వరండాలో, రైలు స్టేషన్ బయట, పెన్షన్ ఇచ్చే చోట తెలుగు మాట్లాడేవాడు కనిపిస్తే దారి అడగండి, కష్టం చెప్పుకోండి. ఫోన్ చేతికివ్వకండి.

యూపీఐ వాడని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, బ్యాంకుకి ఇచ్చిన నంబరు సిమ్ముని బటన్ల ఫోన్‌లోకి మార్చేయండి. అత్త ఫోన్‌లోకి ఎక్కించిన యాప్ అందులో ఎక్కదు. నేను చెప్పగలిగిన అన్ని జాగ్రత్తల్లో అతి చవకైనది, అతి గట్టిది ఇదే. మా అత్తకి ఇప్పుడు అదే కొనిచ్చాం.

వేలిముద్ర కూడా చేతికివ్వడమే

సిమ్ కొనడానికి వెళ్తే "వేలు పడలేదమ్మా, మళ్లీ పెట్టు" అంటారు. పెట్టేస్తాం. మొదటిసారే పడి ఉంటే, రెండోది మీ పేరు మీద ఇంకో సిమ్ అయిపోవచ్చు. ఆ సిమ్‌తో ఎవడో ఎక్కడో దొంగతనం చేస్తే పోలీసులు వచ్చేది మీ గడపకే. మళ్లీ పెట్టమంటే యంత్రం తెర చూపించమనండి, మొదటిది తప్పిందని కళ్లతో చూశాకే పెట్టండి. ఒక మనిషి పేరు మీద తొమ్మిది సిమ్ములకి మించి ఉండకూడదు. మీ పేరు మీద ఎన్నున్నాయో సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. మీవి కానివి కనిపిస్తే అక్కడే "నాది కాదు" అని చెప్పేయొచ్చు.

వేలిముద్రతో డబ్బు తీసుకునే దగ్గర కూడా ఇదే నాటకం. "సర్వర్ లేదు, మళ్లీ పెట్టు." డబ్బు మొదటి వేలికే ఖాతాలోంచి వెళ్లిపోయి ఉండొచ్చు. ప్రతి వేలికీ ఒక చీటీ అడగండి, పని కాకపోయినా సరే. చీటీ ఇవ్వనివాడి యంత్రం మీద రెండోసారి వేలు పెట్టకండి.

ఆధార్ యాప్‌లో వేలిముద్రల తాళం ఉంది. వేసుకుంటే ఎవరూ మీ వేలిముద్ర నకలుతో డబ్బు తీయలేరు. కాకపోతే రేషన్ డీలరు దగ్గరా వేలు పనిచేయదు. వెళ్లేముందు తెరిచి, వచ్చాక మళ్లీ వేసుకోవాలి. ఇబ్బందే, ఒప్పుకుంటాను. వేలిముద్ర పని నెలకి ఒకటి రెండు సార్లు మించి లేనివాళ్లు మాత్రం వేసుకుని తీరాలి.

ఓట్ల కాలం

2022 ఫిబ్రవరి తర్వాత ఒడిశాలో మళ్లీ పంచాయతీ ఎన్నికల వరస వస్తోంది. ఇళ్లకి రకరకాల జనం వస్తారు. కొటియా ఊళ్ల వైపు మరీ కష్టం. ఆంధ్ర, ఒడిశా రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న ఇళ్లవి, అటు సాలూరు నుంచీ ఇటు పొట్టంగి నుంచీ వచ్చి అడుగుతారు. రెండు వైపుల పథకాలకీ ఇచ్చింది ఒకే ఫోన్ నంబరు కాబట్టి అది పోతే రెండు వైపులా పోయినట్టే.

గెలిస్తే డబ్బిస్తామని, సర్వే అని చెప్పి జనం పేర్లు, వివరాలు రాయించుకోవడం వెంటనే ఆపమని ఎన్నికల సంఘం 2024 మే 2న పార్టీలకు చెప్పింది. అయినా కాగితం పట్టుకుని వస్తారు. మీ పేరు, మీ సమస్య చెప్పండి. ఆధార్ నంబరు, ఖాతా నంబరు ఇవ్వకండి. "సభ్యత్వానికి ఒక నంబరు వస్తుంది, ఫోన్ ఇటివ్వు, నేను కొట్టేస్తా" అంటే అసలే ఇవ్వకండి.

ఎందుకో ఒక్క ఉదాహరణ. కర్ణాటకలో ఆళంద నియోజకవర్గంలో 2023 ఎన్నికల ముందు 6,018 ఓట్లు తీసేయమని ఆన్‌లైన్‌లో దరఖాస్తులు పడ్డాయి. విచారిస్తే సరైనవి 24 మాత్రమే. ఎవరి పేరుతో దరఖాస్తు పడిందో వాళ్లకే ఆ సంగతి తెలియదు. ఆ తర్వాత 2025లో ఎన్నికల సంఘం ఇలాంటి దరఖాస్తులకి ఆధార్‌కి కలిపిన ఫోన్‌కి వచ్చే ఓటీపీ కావాలని పెట్టింది. మంచిదే. కానీ అర్థం చేసుకోండి, ఇప్పుడు మీ ఫోన్ ఎవడి చేతిలో నిమిషం ఉన్నా, మీ పేరుతో పక్కింటివాళ్ల ఓటు తీసేయమని అడిగే తాళంచెవి వాడి చేతిలో ఉన్నట్టే. డబ్బు ఒక్కటే పోతుందనుకోకండి.

ఓటర్ల జాబితా చూసే బూత్ అధికారి (బీఎల్ఓ) ఓటీపీ అడగరు. ఎన్నికల ముందు మీ పేరు జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి, ఒకసారి కాదు, రెండుసార్లు.

పోతే ఎవరు భరించాలి

రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశంలో ఇలా ఉంది: మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడి వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల లోపు చెబితే నష్టం మన మీద పడదు. ఏడు పనిదినాల లోపైతే కొంత పడుతుంది. మన అజాగ్రత్త వల్లే పోయిందని తేలితే, ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా మనదే. అత్త చెప్పింది తొమ్మిదో రోజున. పైగా బ్యాంకులో మొదటి ప్రశ్న, "ఫోన్, కార్డు మీరే ఇచ్చారా?" ఆవిడ అబద్ధం చెప్పలేదు. దరఖాస్తు ఇంకా నడుస్తోంది.

మిగిలినవి వరసగా రాసేస్తున్నాను. వివరణ అడగకండి, చేయండి.

శ్రావణంలో పెళ్లిళ్లు. వాట్సాప్‌లో వచ్చిన పెళ్లికార్డు పేరు చివర ఏపీకే అని ఉంటే నొక్కొద్దు. చలానా అన్నా, పీఎం కిసాన్ జాబితా అన్నా అంతే. కార్డు బొమ్మగా వస్తుంది, యాప్‌గా రాదు.

దూరం నుంచి ఎవరో మీ తెర చూసే యాప్ వేసుకోమంటే, అది ఫోన్ చేతికివ్వడమే. మనిషి ఎదురుగా లేడంతే.

*401* తో మొదలయ్యే నంబరు నొక్కమంటే నొక్కొద్దు. మీ కాల్స్ వాడికి మళ్లిపోవచ్చు. నొక్కేసి ఉంటే సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ తీసేయండి, ఇవాళే.

వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరవండి. మీకు తెలియని కంప్యూటరు కనిపిస్తే లాగౌట్ చేయండి.

ఫోన్‌లో అరెస్టు అనేది మన చట్టంలో లేదు. పోలీసు బట్టలు కనిపించినా, కోర్టు గది కనిపించినా, కట్ చేయండి.

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొడితే పోవడమే.

క్యూఆర్ కొట్టాక తెర మీద వచ్చిన పేరు కొట్టువాడికి వినపడేలా చదవండి. అతని పేరు కాకపోతే ఆగండి.

మీ ఖాతా ఎవరికీ అద్దెకివ్వకండి. నెలకి ఇంతిస్తామంటారు. గంజాం నుంచి సూరత్ వెళ్లే పిల్లలకి మరీ చెప్పండి. దొంగ సొమ్ము అందులోంచి నడుస్తుంది, ఖాతా ఆగిపోతుంది, కేసు మీ పేరు మీద పడుతుంది.

ప్రింటుకి ఆధార్ వాట్సాప్‌లో పంపితే, ప్రింటు చేతికొచ్చాక షాపువాడి ఎదుటే ఫోన్‌లోంచీ కంప్యూటరులోంచీ చెరిపించండి. మా షాపుల్లో డౌన్‌లోడ్స్ తెరిస్తే ఊరందరి కార్డులూ ఉంటాయి. నేను రోజూ రాత్రి చెరుపుతాను. అందరూ చెరపరు. జెరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద ఏ పనికి, ఏ తేదీన అని అడ్డంగా రాయండి. నాలుగంకెలే కనిపించే ఆధార్ చాలు అనే చోట అదే ఇవ్వండి.

డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో 1930కి, అంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరుకి, ఫోన్ చేయండి. ఏడ్చుకుంటూ ఇంటికి వెళ్లి కాదు, నిలబడ్డ చోటనే. ఎంత పోయింది, ఎన్ని గంటలకి, మెసేజిలోని లావాదేవీ నంబరు, మీ ఖాతా నంబరు ముందు కాగితం మీద రాసుకోండి. తర్వాత బ్యాంకుకి వెళ్లండి. ఫిర్యాదు నంబరు తీసుకోండి.

ఆ నంబరు ఫోన్‌లో కాదు, గోడ మీద క్యాలెండరులో రాయండి.

ఫోన్ చేతికివ్వకండి. మేనల్లుడికీ వద్దు, ఊళ్లో బ్యాంకు పనులు చేసిపెట్టే బ్యాంకు మిత్రకీ వద్దు, పార్టీ కుర్రాడికీ వద్దు. నాకూ వద్దు. నా షాపుకి వచ్చినా కౌంటరు మీద పెట్టకండి. మీరు పట్టుకుని తెర నా వైపు తిప్పండి, నేను కళ్లజోడు పెట్టుకుని చదివి చెబుతాను.