మొదటి వేట రైఫిల్: గురి కుదరకపోతే తప్పు ఎక్కడుంది?

ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత సరదా వేటకు దారి మూసుకుపోయింది. ఇది టెక్సస్ లాంటి చోట్ల లైసెన్స్ తీసుకుని జింకల వేటకు వెళ్లాలనుకునే మనవాళ్ల కోసం.

సమస్య: షాపులో అమ్మనన్నారు
హెచ్-1బీ, స్టూడెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడానికీ, దగ్గర పెట్టుకోవడానికీ ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. కాబట్టి ముందు లైసెన్స్, తర్వాతే రైఫిల్. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డంకి లేదు.

సమస్య: డబ్బంతా రైఫిల్‌కే అయిపోయింది
స్కోప్ (గురి చూసే దుర్భిణి), దాన్ని బిగించే రింగులు, ప్రాక్టీసు తూటాల ఖర్చు లెక్కలో వేసుకోకపోవడమే కారణం. ఉన్నదాంట్లో సగమే రైఫిల్‌కు పెట్టండి. రుగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్ లాంటి బోల్ట్ యాక్షన్లు (ప్రతి తూటాకూ బోల్ట్‌ని చేత్తో వెనక్కి లాగి ముందుకు నెట్టే రైఫిళ్లు) చాలు. ప్లాస్టిక్ స్టాక్ (గొట్టాన్ని మోసే, భుజానికి ఆనించే భాగం) చూడ్డానికి చవకగా ఉంటుంది, బోల్ట్ కాస్త గరగరలాడుతుంది. జింకకు అవేం పట్టవు.

సమస్య: తూటా ఎప్పుడూ కిందికే పోతోంది
చాలాసార్లు కారణం భయం. ఎందుకైనా మంచిదని 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అనే బలమైన తూటా వాడే రైఫిల్ కొంటారు. తేలికపాటి రైఫిల్‌లో అది భుజాన్ని గట్టిగా తన్నుతుంది. నాలుగు తూటాలు పేల్చేసరికి కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి. నిర్ధారించుకోవాలంటే రేంజ్‌లో మీరు చూడకుండా స్నేహితుణ్ణి మధ్యలో ఒక డమ్మీ తూటా పెట్టమనండి. అది పేలదు, కానీ గొట్టం మూతి కిందికి వంగుతుంది. అదే సాక్ష్యం. 243 విన్‌చెస్టర్, 6.5 క్రీడ్‌మూర్, 308 విన్‌చెస్టర్: జింకకు ఈ తూటా రకాల్లో ఏదైనా సరిపోతుంది. నన్నడిగితే 308. చిన్న ఊరి షాపులో కూడా దాని తూటాలు దొరుకుతాయి.

సమస్య: నిన్న మధ్యలో తగిలింది, ఇవాళ అరడుగు పక్కకి పోయింది
రైఫిల్‌ని తిట్టే ముందు స్కోప్ స్క్రూలు చూడండి. తూటాలు తీసేసి, బోల్ట్ బయటికి లాగి, స్కోప్‌ని వేలితో నెట్టి చూడండి. కదిలితే దొంగ దొరికినట్టే. విప్పి, నూనె తుడిచి, తయారీదారు చెప్పిన బిగువుకే టార్క్ డ్రైవర్‌తో బిగించండి. స్టాక్ స్క్రూలనూ వదలొద్దు. తర్వాత ఒక డాలర్ నోటును గొట్టం కింద దూర్చి వెనక్కి లాగండి. మధ్యలో పట్టేస్తే స్టాక్ గొట్టానికి ఒరుసుకుంటోందన్నమాట. అక్కడ స్టాక్‌ని కొంచెం ఉప్పుకాగితం పెట్టి రుద్దాలి.

గురి సర్దడం మళ్లీ 25 గజాల నుంచి మొదలుపెట్టి 100కు వెళ్లండి. పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే కోణం కొలత) స్కోప్‌లో గురి సర్దే మరను ఒక్క క్లిక్కు తిప్పితే 100 గజాల దగ్గర తూటా దాదాపు పావు అంగుళం జరుగుతుంది. అంటే 4 అంగుళాలు జరపాలంటే 16 క్లిక్కులు, అదే 25 గజాల దగ్గరైతే 64.

సమస్య: మొదటి మూడు బాగానే పడ్డాయి, తర్వాతవి చెదిరాయి
సన్న గొట్టం వేడెక్కింది. చల్లారనివ్వండి.

ఇవన్నీ అయ్యాక, ఒకే రకం తూటాలతో కాల్చినా చెదురుతుంటే, నమ్మకమైన వేరే స్కోప్ బిగించి చూడండి. దాంతో సర్దుకుంటే పాత స్కోప్ మార్చేయండి, సర్దుకోకపోతే రైఫిల్‌ని కంపెనీకి పంపండి.