హైదరాబాద్–విశాఖ కారు ప్రయాణానికి పాటలు సర్దుకోవడం ఎలా

హైదరాబాద్ నుంచి విశాఖకు సుమారు 620 కిలోమీటర్లు. టీలు, భోజనం కలుపుకుంటే పన్నెండు గంటల దారి. పాటకు నాలుగున్నర నిమిషాలు వేసుకుంటే 160 పాటలు కావాలి. అన్ని వద్దు, వంద చాలు. ఆపకుండా మోగిస్తే ఎంత మంచి పాటయినా మధ్యాహ్నానికి రొద అయిపోతుంది.

ముందుగా బండి నడిపేవాళ్లని అడగండి. వెనక కూర్చున్నవాళ్ల ఇష్టాలు ఎన్నయినా కలపొచ్చు గానీ, స్టీరింగ్ పట్టుకున్న మనిషికి విసుగు పుట్టించే పాట ఒక్కటి కూడా ఉండకూడదు.

పొద్దున ఆరింటికి బయల్దేరితే సూర్యాపేట టీ దాకా కీర్తనలో, వాద్య సంగీతమో బాగుంటుంది. కాకపోతే వేగం పెరిగేకొద్దీ టైర్ల హోరు మంద్రస్వరాలను మింగేస్తుంది. తంబూరా వినబడదు, నెమ్మదిగా సాగే ఆలాపన సగం పోతుంది. సరే అని సౌండ్ పెంచుతారు, అంతలో తని ఆవర్తనం, అంటే మృదంగం లాంటి తాళవాద్యాలు విడిగా వాయించే ఘట్టం వచ్చి చెవులు అదిరిపోతాయి. అందుకే కారులోకి వీణ కన్నా మాండలిన్ నయం. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ ఆ హోరు మీద కూడా తేటగా వినిపిస్తుంది.

అందరూ వదిలేసేది సౌండు తేడా. ఘంటసాల కాలం నాటి మోనో రికార్డింగ్ చిన్నగా పలుకుతుంది. దాని వెనకే కొత్త సినిమా పాట వస్తే డ్రైవర్ చెయ్యి నాబ్ మీదకి పోతుంది. గంటకు వంద వేగంలో మూడు సెకన్లు చూపు తిప్పితే బండి 80 మీటర్లకు పైగా వెళ్లిపోతుంది! ఎంపీ3గెయిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైళ్లన్నీ వేసి 89 డెసిబెల్స్‌కు సమం చేయండి. యాప్‌లో వింటుంటే సెట్టింగ్స్‌లో నార్మలైజేషన్ (పాటలన్నిటి సౌండూ సమం చేసేది) ఆన్ చేస్తే చాలు.

320 కేబీపీఎస్ నాణ్యత ఉన్న ఎంపీ3 పాట పది ఎంబీ పైచిలుకు, వంద పాటలకు ఒక జీబీ. పెన్‌డ్రైవ్‌ని కంప్యూటర్‌లో ఫార్మాట్ చేసేటప్పుడు ఫైల్ సిస్టమ్ దగ్గర ఫ్యాట్32 ఎంచుకోండి, ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే చాలా కార్ స్టీరియోలు చదవవు. ఫైల్ పేర్లకు ముందు 001, 002 అని అంకెలు వేసి అదే వరుసలో కాపీ చేయండి. కొన్ని స్టీరియోలు పేరు చూడవు, కాపీ అయిన వరుసలోనే వాయిస్తాయి. ముందురోజు రాత్రే ఆ కారులోనే పెట్టి చూసుకోండి. ఫోన్‌లో వినేవాళ్లు పాటలు డౌన్‌లోడ్ చేసుకోవాలి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో పాటలు రావు.

విజయవాడలో భోజనం అయ్యాక ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా తిన్నని రోడ్డు. కునుకు పట్టేది ఇక్కడే. మెలోడీలు తీసేయండి. ఒకే దరువు అరగంట మోగినా జోల పాటే, అందుకని మూడు పాటలకోసారి తీరు మార్చండి. మాటలు నోటికొచ్చి గొంతు కలపగలిగే పాటలయితే మరీ మంచిది. అయినా రెప్పలు వాలుతుంటే ఏ పాటా ఆపలేదు. బంకులోనో ధాబా దగ్గరో బండి ఆపి ఇరవై నిమిషాలు పడుకోవాల్సిందే.

తుని దాటాక ఏవైనా పెట్టుకోండి. అనకాపల్లి నుంచి మాత్రం సౌండ్ సగానికి తగ్గించండి. లారీల హారన్లు, మ్యాప్ చెప్పే మలుపులు రెండూ వినబడాలి.