సౌర పవనంలో ఏ అల ఎటు పోతోందో లెక్కకట్టడం ఎలా?

సౌర పవనమంటే సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే విద్యుదావేశ కణాల గాలి. అందులో అయస్కాంత క్షేత్రం వెంట అలలు పరుగెడతాయి, కొన్ని సూర్యుడి నుంచి బయటికి, కొన్ని లోపలికి. వాటిని విడదీసే లెక్కలో, రాయగడలో మా ఇంటికొచ్చే డిగ్రీ పిల్లలు ఏటా ఒకే చోట బోల్తా పడుతున్నారు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఇది రాస్తున్నాను.

ల్యాప్‌టాప్, పైథాన్ చాలు. 2018లో సూర్యుడి దగ్గరికి బయల్దేరిన నాసా వ్యోమనౌక పార్కర్ సోలార్ ప్రోబ్ డేటా నాసా వెబ్‌సైటు సీడీఏవెబ్‌లో ఉచితం. ఫీల్డ్స్ పరికరం నుంచి అయస్కాంత క్షేత్రం, కణాలను కొలిచే స్వీప్ నుంచి ప్రోటాన్ల వేగం, సాంద్రత దించుకోండి. రాత్రిపూటే దించుకోండి, పగలు కరెంటును నమ్మలేం.

రెండు పరికరాల కొలతలనూ ఒకే టైముకు సర్ది, క్షేత్రం నుంచీ వేగం నుంచీ గంట సగటు తీసేయండి. మిగిలినవే ఒడిదుడుకులు. క్షేత్రంలోని ఒడిదుడుకును నానోటెస్లాల్లో తీసుకుని 21.8తో గుణించి, ఘన సెంటీమీటరుకున్న ప్రోటాన్ల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే, అదీ సెకనుకు కిలోమీటర్లలోకి వస్తుంది. ఇక వేగంలోని ఒడిదుడుకుకు దాన్ని కలిపితే ఒక ఎల్సాసర్ రాశి, తీసేస్తే రెండోది; ఒక్కోటి ఒక్కో దిశలో పోయే అలను చూపుతుంది.

ఇక్కడ ఆగండి. రెండింట్లో సూర్యుడి నుంచి బయటికెళ్లే అల ఏది? సగటు క్షేత్రం బయటికి చూస్తుంటే, తీసేసినది. సూర్యుడి వైపు చూస్తుంటే, కలిపినది. కలిపినది ఎప్పుడూ బయటిదేనని బట్టీపట్టిన వాళ్లకు సగం రోజుల లెక్క తలకిందులవుతుంది.

అంతకంటే పెద్ద గొయ్యి స్విచ్‌బ్యాక్‌లు. సూర్యుడి దగ్గర క్షేత్రం ఉన్నట్టుండి మడతపడి వెనక్కి తిరిగి, కాసేపటికి మళ్లీ మామూలవుతుంది. ఆ క్షణంలో కనిపించిన దిశను పట్టుకుని గుర్తు (కలిపినదా, తీసేసినదా అన్నది) మార్చారో, బయటికెళ్తున్న అల కాస్తా లోపలికొస్తున్నట్టు తేలుతుంది. అందుకే గుర్తును మూడు గంటల సగటు నుంచే తీసుకోవాలి. గంట చాలనే వాళ్లతో నేను వాదించను, వాళ్ల గ్రాఫులూ చూడను.

లోపలికొచ్చే అల అన్నది కూడా గాలితో పోల్చి చెప్పే మాటే. ఈ అలలు పరుగెత్తే వేగాన్ని ఆల్ఫ్‌వెన్ వేగమంటారు. ఆ వేగం దాటిన గాలి లోపలికొచ్చే అలనూ బయటికే ఈడ్చుకుపోతుంది. గాలి ఆ వేగాన్ని దాటే హద్దుకు లోపలికి పార్కర్ మొదటిసారి వెళ్లింది 2021 ఏప్రిల్ 28న.

కొందరు ఏ సైజు ఒడిదుడుకులో ఎంత శక్తి ఉందో చూపే స్పెక్ట్రమ్ గీసి, ఆ గీత వాలు సూర్యుడి దగ్గర మైనస్ మూడు బై రెండు, భూమి దగ్గర మైనస్ అయిదు బై మూడు అని రాసి చేతులు దులుపుకుంటారు. వరదలో నాగావళిని చూడండి, పెద్ద సుడి చిన్న సుళ్లుగా విరుగుతుంది. వాలు చెప్పేది అంతవరకే. సౌర పవనంలో శక్తి పెద్ద ఒడిదుడుకుల నుంచి చిన్నవాటికి దిగాలంటే ఎదురెదురు అలలు ఢీకొనాలి. ఆ లోపలికొచ్చే అల ఎంతుందో వాలు చూసి చెప్పలేం, అందుకే ఈ పద్ధతి.

చివరికి రెండింటి శక్తినీ పోల్చండి. సూర్యుడి దగ్గర సాధారణంగా బయటికెళ్లేదే చాలా ఎక్కువ. నిరుడు ఒకబ్బాయి "మాస్టారూ, లోపలిదే గెలిచింది!" అని పరుగెత్తుకొచ్చాడు. గుర్తు సరిచూడమని వెనక్కి పంపాను.