పుష్యమాసం సెట్టింగులు: పెళ్లి కెమెరాతో కొల్లేట్లో పిట్టలు

పుష్యమాసంలో ముహూర్తాలుండవు. భీమవరంలో మాలాంటి పెళ్లి ఫొటోగ్రాఫర్లకి అది ఖాళీ నెల. సరిగ్గా ఆ నెల్లోనే కొల్లేరు నిండా పక్షులుంటాయి. తెల్లారకముందే బండి తీసి, ఆకివీడు మీదుగా కైకలూరు దాటి, ఆటపాక పక్షుల కేంద్రం దగ్గర పడవెక్కితే ఎండ చురుక్కుమనే లోపు ఓ రెండు గంటలు మన పంట పండినట్టే.

మొదటిసారి వెళ్లినప్పుడు నా పంట పండలేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న నికాన్ డీ500, దానికి 200-500 లెన్సు. ముందు రోజు రిసెప్షన్‌లో వాడిన సెట్టింగులతోనే పడవెక్కేశాను. షట్టర్ 1/160, అంటే సెకనులో 160వ వంతు, ఒక్కో నొక్కుకి ఒక్కో ఫొటో. ఓ గూడబాతు సరిగ్గా మా ఎదురుగా నీళ్ల మీద దిగింది. కాళ్లు ముందుకి చాపి, రెక్కలు వెనక్కి విరిచి, నీటిని చీల్చుకుంటూ పది గజాలు జారింది. నా కెమెరా "టక్... టక్" అంది. రెండే ఫొటోలు. రెండిట్లోనూ గాలికి ఎగురుతున్న మాసిన పంచెలాంటిదేదో ఉంది. ముక్కు ఎటో, తోక ఎటో నాకే తెలియలేదు.

అప్పట్నుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఇది. పిట్ట వచ్చాక మెనూలోకి వెళ్లే టైముండదు. కన్ను వ్యూఫైండర్‌లోంచి తియ్యకుండా చేతివేళ్లతో మార్చగలిగినవే అక్కడ మార్చాలి. మిగతాదంతా ముందు రోజు రాత్రి, ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని చేసుకునే పని. నా దగ్గరున్నది డీ500 కాబట్టి దాని లెక్కలో చెప్తాను. వేరే కెమెరా అయితే పేర్లు మారతాయి, పని అదే.

ముందు బ్యాంకులు, అంటే ఒక్కో పనికి కావలసిన సెట్టింగుల్ని గుంపుగా దాచుకునే అరలు. ఈ కెమెరాలో ఫొటో షూటింగ్ మెనూకి ఏ నుంచి డీ దాకా నాలుగు బ్యాంకులు, కస్టమ్ సెట్టింగులకి మళ్లీ విడిగా నాలుగు. నేను రెండిట్లోనూ పెళ్లి, పిట్ట, ఆట అని పేర్లు పెట్టుకున్నాను (ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి లెండి). చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఈ రెండు రకాల బ్యాంకులకీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. షూటింగ్ బ్యాంకుని పిట్టకి మార్చి కస్టమ్ బ్యాంకుని పెళ్లిలోనే వదిలేస్తే సగం కెమెరా కొల్లేట్లో, సగం కల్యాణమండపంలో ఉంటుంది. అందుకని రెండు బ్యాంకుల వరసల్నీ, మనకి కావలసినవి ఏరి పెట్టుకునే మై మెనూలో పైన పక్కపక్కనే పెట్టుకున్నాను. ఒకటి మారిస్తే రెండోది కళ్ల ముందే కనబడుతుంది. ఎక్స్‌టెండెడ్ మెనూ బ్యాంక్స్ అనేదాన్ని ఆన్ చెయ్యండి. అప్పుడు షట్టర్, అపెర్చర్ (లెన్సు ఎంత తెరుచుకోవాలో) కూడా బ్యాంకుతో పాటు వస్తాయి. ఒక్కో ఫొటోనా, వరసగా ఆగకుండా తియ్యాలా అని చెప్పే బర్స్టు డయలు మాత్రం కెమెరా నెత్తి మీద ఉండే చక్రం, దాన్ని చేత్తో తిప్పాల్సిందే.

ఇంకో తిరకాసు. బ్యాంకు తాళం వేసిన పెట్టె కాదు. అందులో ఉండగా ఏది మార్చినా అదే కొత్త సెట్టింగుగా ఉండిపోతుంది. డీ7500, డీ750 లాంటి వేరే నికాన్లలో సెట్టింగులు దాచుకునే యూ1, యూ2 అలా కాదు, మీరు దాచుకున్న చోటికే తిరిగొస్తాయి. కెనాన్‌లో సీ1, సీ2 అనేవీ దాదాపు అంతే, ఆటో అప్‌డేట్ ఆఫ్‌లో ఉంచితే. ఆ విషయంలో నాకు వాళ్లని చూస్తే కుళ్లే. మరి బ్యాంకుల వాళ్లం ఏం చెయ్యాలి? అన్నీ కుదిరాక సెటప్ మెనూలో సేవ్/లోడ్ సెట్టింగ్స్‌తో మొత్తం కార్డు మీదకి ఎక్కించి, ఆ ఫైలుని కంప్యూటర్లో దాచుకోవాలి. పేరు మాత్రం మార్చొద్దు, మారిస్తే కెమెరా గుర్తుపట్టదు. సీజన్ మొదట్లో అదే ఫైలు మళ్లీ ఎక్కిస్తే కెమెరా పోయినేడు ఎలా ఉందో అలా అయిపోతుంది.

వెలుతురు సంగతి. నేను మాన్యువల్ మోడ్‌లో ఆటో ఐఎస్‌ఓ పెట్టి వాడతాను. ఐఎస్‌ఓ అంటే వెలుతురుకి కెమెరా ఎంత సున్నితంగా ఉండాలో చెప్పే అంకె. షట్టరూ అపెర్చరూ నా చేతిలో, ఐఎస్‌ఓ కెమెరా చేతిలో. ఎగిరే కొంగకీ గూడబాతుకీ 1/2000. చేపల చెరువు మీద గాల్లో నిలబడి ఒక్కసారిగా కిందకి పడే నలుపు తెలుపు లకుముకి పిట్టకి 1/3200, అదీ ఒక్కోసారి చాలదు. తీగ మీద కూర్చున్న పాలపిట్టకి 1/500 చాలు. అపెర్చర్ ఎఫ్ 5.6, అంతకన్నా తెరుచుకోదు ఈ లెన్సు. ఐఎస్‌ఓకి పైహద్దు 6400.

లెక్క చూడండి. మంచి ఎండలో ఎఫ్ 16 దగ్గర ఐఎస్‌ఓ 100కి షట్టర్ 1/100 అని పాత ఫిల్ము రోజుల సూత్రం. ఎఫ్ అంకె తగ్గితే లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది, ఒక్కో స్టాపుకి వెలుతురు రెండింతలు. ఎఫ్ 5.6 అంటే మూడు స్టాపులు ఎక్కువ వెలుతురు, అంటే 1/800. మనకి 1/2000 కావాలి కాబట్టి ఐఎస్‌ఓ 250 దగ్గర ఆగుతుంది. హాయి. అదే పొద్దున్నే మంచులో నాలుగు స్టాపులు తగ్గితే 4000 అవుతుంది. గింజలు గింజలుగా వస్తుందని భయపడి షట్టర్ తగ్గించేవాళ్లని చూశాను. గింజల్ని కంప్యూటర్లో కొంతవరకూ తగ్గించుకోవచ్చు. కదిలిపోయిన రెక్కని ఎవడూ బాగుచెయ్యలేడు.

తెల్ల కొంగ మీద ఎండ పడితే ఈకల గీతలు పోయి సున్నం పూసినట్టు వస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగుని పెంచే, తగ్గించే సర్దుబాటు) -0.7కి దించుతాను. తెల్లటి ఆకాశంలో ఎగిరే గరుడ పక్షికి తిరగేసి +1. మాన్యువల్‌లో ఉన్నా, ఆటో ఐఎస్‌ఓ ఉంటే ఈ బటన్ పనిచేస్తుంది. షట్టర్‌ని కదపకుండా ఐఎస్‌ఓని మాత్రం అటూ ఇటూ చేస్తుంది.

ఇక అసలు సంగతి, బొటనవేలు. కస్టమ్ సెట్టింగుల్లో ఏ8 అనే వరస దగ్గర ఏఎఫ్ (ఆటో ఫోకస్) యాక్టివేషన్‌ని ఏఎఫ్-ఆన్ ఓన్లీ చెయ్యండి. ఇకమీదట షట్టర్ బటన్ ఫొటో మాత్రమే తీస్తుంది, ఫోకస్ పని వెనక ఉన్న ఏఎఫ్-ఆన్ బటన్‌ది. బొటనవేలు నొక్కి పట్టుకున్నంతసేపు పిట్ట వెంటపడుతుంది, తీసేస్తే ఉన్నచోట ఆగుతుంది. కొమ్మ మీద కూర్చున్న పిట్టకి ఫోకస్ చేసి వేలు తీసి, ఫ్రేము సర్దుకుని, ఎగిరే క్షణం కోసం కాచుక్కూర్చోవచ్చు. ఎగరగానే మళ్లీ నొక్కడమే. సింగిల్ ఫోకసా, కంటిన్యువస్ ఫోకసా అని మార్చే పనే లేదు. నేను పెళ్లిళ్లలో కూడా ఎప్పుడూ ఏఎఫ్-సీలోనే, అంటే కంటిన్యువస్‌లోనే ఉంచుతాను.

దీని మీద డీ500లో ఇంకో సదుపాయం ఉంది, ఈ కెమెరాని నేను అమ్మకపోవడానికి కారణం అదే. మామూలు ఫోకస్ మోడ్‌ని గ్రూప్ ఏరియాలో పెట్టాను. అయిదు పాయింట్లు కలిసి పనిచేస్తాయి, ఆకాశంలో ఎగిరేదాన్ని చప్పున పట్టుకుంటాయి. కానీ గ్రూప్‌కి ఓ జబ్బుంది. ఆ పాయింట్ల కింద ఏది దగ్గరగా ఉంటే దాని మీదకే పోతుంది. జమ్ములో దాక్కున్న కొంగని తీయబోతే ముందున్న జమ్ము ఆకు కత్తిలా వస్తుంది, వెనక కొంగ మబ్బులా ఉంటుంది. అందుకని ఎఫ్1 కస్టమ్ కంట్రోల్స్‌లో, వెనకున్న చిన్న జాయ్‌స్టిక్ మధ్య నొక్కుకి ఏఎఫ్ ఏరియా మోడ్ ప్లస్ ఏఎఫ్-ఆన్ అని, అందులో సింగిల్ పాయింట్ అని పెట్టాను. ఇప్పుడు ఏఎఫ్-ఆన్ నొక్కితే అయిదు పాయింట్ల వల. వేలు ఓ అంగుళం జరిపి జాయ్‌స్టిక్ నొక్కితే ఒక్క పాయింటు సూది. జమ్ములోకి సూది, ఆకాశంలోకి వల. జమ్ములోంచి కొంగ లేవగానే వేలు పక్కకి జారుతుంది, అంతే. మొదటి వారం వేలు తడబడుతుంది. మేడ మీద నిలబడి మా వీధి పావురాల మీద సాధన చేశాను, ఎదురింటావిడ ఏమనుకుందో తెలీదు.

ఈ పద్ధతికి నేను కట్టిన జరిమానా కూడా చెప్తాను. ఓసారి కొల్లేటి నుంచి వచ్చిన కెమెరాని అలాగే పెళ్లికి పట్టుకెళ్లి, జీలకర్రా బెల్లం టైముకి నా అసిస్టెంటు చేతికిచ్చి నేను వీడియో వైపు వెళ్లాను. వాడికి షట్టర్ సగం నొక్కి ఫోకస్ చెయ్యడం అలవాటు. కాసేపటికి పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, కెమెరా పాడైంది. ఒక్కటీ ఫోకస్ అవ్వట్లేదు."

"పాడవలేదురా, నా బుద్ధే పాడైంది. ఇటియ్యి."

పెళ్లి బ్యాంకులో ఏ8 ఇప్పటికీ షట్టర్/ఏఎఫ్-ఆన్ అనే ఉంటుంది. ఆ రోజు పెళ్లికూతురి మేనమామ తన ఫోన్లో తీసిన ఫొటోయే ఆల్బంలో పెట్టాం.

ఏ1లో రిలీజ్ అని పెట్టండి. ఫోకస్ అని పెడితే, కెమెరా తనకి నచ్చేదాకా ఫొటో తియ్యదు, సరిగ్గా రెక్క విప్పినప్పుడే అలుగుతుంది. ఏ3 ఇంకా ముఖ్యం. మనకీ పిట్టకీ మధ్య ఏదైనా అడ్డొస్తే ఎంతసేపట్లో కొత్తదాని మీదకి దూకాలో చెప్పే స్కేలు అది, 1 అంటే వెంటనే, 5 అంటే బాగా ఆలస్యంగా. గూళ్ల కోసం నిలబెట్టిన స్టాండ్ల మధ్యలోంచి ఎగిరే గూడబాతులకి 4 పెడతాను. ఇనప కడ్డీ అడ్డొచ్చినా పిట్టని వదలదు. దాని కిందే కదలిక ఎలాంటిదో చెప్పే వరస ఉంటుంది. లకుముకికి ఎర్రాటిక్, గూడబాతుకి స్టెడీ. గూడబాతు పల్లెవెలుగు బస్సులాగా చెప్పిన దారిలోనే పోతుంది పాపం.

కార్డుల దగ్గర చాలామంది దెబ్బతింటారు. పెళ్లిలో రెండో కార్డుని బ్యాకప్‌లో పెడతాం, పెట్టాలి కూడా. పిట్టల దగ్గర అదే పెడితే ప్రతి ఫొటో రెండు కార్డుల్లోకీ వెళ్లాలి, ఎస్‌డీ కార్డు నిదానం మొత్తం కెమెరాకి అంటుకుంటుంది. దాన్ని ఓవర్‌ఫ్లో చేసి (మొదటిది నిండాకే వాడేలా), వేగమైన ఎక్స్‌క్యూడీ కార్డుని ముందు పెట్టండి. సెకనుకి 10 ఫొటోల చొప్పున 14 బిట్ రా (కెమెరా దిద్దని అసలు) ఫైళ్లు 200 దాకా ఆగకుండా తీస్తుంది. అంటే 20 సెకన్లు. ఏ పిట్టా అంతసేపు విన్యాసాలు చెయ్యదు.

చిన్నాచితకా గబగబా. బీప్ ఆపెయ్యండి. తీసిన ఫొటో తెర మీద దానంతటది రావడం ఆపెయ్యండి. నిలువు ఫ్రేముకీ అడ్డ ఫ్రేముకీ ఫోకస్ పాయింట్ విడివిడిగా గుర్తుంచుకునే ఏ7 ఆన్ చెయ్యండి. ఫొటో చూసేటప్పుడు మధ్య బటన్ నొక్కగానే వంద శాతం జూమ్ అయ్యేలా ఎఫ్2లో పెట్టుకుంటే, కంట్లో మెరుపు పదునుగా ఉందో లేదో ఒక్క నొక్కుతో తేలిపోతుంది. లెన్సు మీద లిమిటర్ స్విచ్‌ని 6 మీటర్ల వైపుకి తోస్తే దగ్గర దూరాలన్నీ తడుముకుంటూ టైము వృథా చెయ్యదు. వణుకుని తగ్గించే వీఆర్ స్విచ్‌ని పడవలో స్పోర్ట్‌లో ఉంచండి.

సెట్టింగు కాదు గానీ, చెప్పకపోతే పైవన్నీ దండగ. ఎగిరే పిట్టని 500 దగ్గర వెతకొద్దు. 300లో పట్టుకుని తర్వాత జూమ్ చెయ్యండి. ఈ లెన్సు జూమ్ రింగు పొడుగ్గా తిరుగుతుంది, ఒక్క తిప్పులో అయిపోదు. పిట్ట రాబోయే దూరంలోనే ఉన్న గుర్రపుడెక్క మీదో, కర్ర మీదో ముందే ఓసారి ఫోకస్ చేసి ఉంచండి. లేకపోతే పిట్ట ఫ్రేములో ఉన్నా మీకు కనబడనంత మసకగా ఉంటుంది. ఎండెక్కాక నీళ్ల మీద గాలి ఆవిరాడుతుంది, అప్పుడు ఏ సెట్టింగుకీ పదును రాదు. లెన్సు పాడైందనుకుని సర్వీసుకిచ్చిన వాళ్లున్నారు. సంచి సర్దుకుని టిఫిన్‌కి వెళ్లడమే మందు. గూళ్ల దగ్గరకి పడవ పొమ్మని మాత్రం అడక్కండి. తల్లి లేస్తే గుడ్లు కాకుల పాలు.

ఆట బ్యాంకు సంక్రాంతి కబడ్డీ కోసం. రాత్రి లైట్ల కింద 70-200 ఎఫ్ 2.8, షట్టర్ 1/800, ఐఎస్‌ఓ హద్దు 12800. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని రకాల లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలీదు గానీ ఒక ఫొటో పసుపుగా, పక్కది చీకటిగా వస్తుంది. ఫ్లికర్ రిడక్షన్ ఆన్ చేస్తే వెలుగు ఎక్కువున్న క్షణంలోనే షట్టర్ పడుతుంది, బర్స్టు కాస్త తగ్గినా పర్లేదు. ఏ3ని 5కి తెస్తాను, రిఫరీ ఎప్పుడూ మనకి అడ్డంగానే నడుస్తాడు కాబట్టి. కూతకి ఇచ్చేది 30 సెకన్లు, అందులో ఫొటో అయ్యేది చివరి రెండు మూడు సెకన్లే, రైడర్ వెనక్కి తిరిగి గీత వైపు దూకినప్పుడు. అందుకే అటువైపు కోర్టు మూల కాకుండా మధ్య గీత చివర కూర్చుంటాను. మొహం నావైపు ఉంటుంది, చాచిన చెయ్యి కూడా.

"ఇంకా డీఎస్‌ఎల్‌ఆరేనా, మిర్రర్‌లెస్ కొనలేదా?" అని అడుగుతుంటారు. లోపల అద్దం లేని ఆ కొత్త కెమెరాల్లో పిట్ట కన్నుని కెమెరాయే వెతుక్కుంటుంది, నిజమే, చేతిలో పట్టుకుని చూశాను, ముచ్చటేసింది. దానిలోనూ జమ్ము అడ్డొచ్చినప్పుడు సింగిల్ పాయింట్‌కి ఒక బటన్ పెట్టుకోక తప్పదు. కొనే రోజు వస్తే కొంటాను, ఈ మాఘంలో బుక్ అయిన పెళ్లిళ్లని బట్టి.

ఆ మాఘం కోసమే చివరి పని. కొల్లేటి నుంచి ఇంటికొచ్చి కెమెరా సంచిలో పెట్టేముందు మై మెనూ తెరిచి షూటింగ్ బ్యాంకు పెళ్లి, కస్టమ్ బ్యాంకు పెళ్లి, రెండో కార్డు బ్యాకప్, నెత్తి మీద డయల్ సింగిల్. ఆ తర్వాత షట్టర్ బటన్ సగం నొక్కి, గోడ మీద క్యాలెండర్ మీద ఫోకస్ అవుతోందో లేదో చూసుకుంటాను.